కడలి కడుపులో ఘాజీ

గుంతకల్లులో ‘లోతెంత?’ అని ఎవరినైనా అడగండి... అడుగుల్లోనే చెబుతారు. అది బోరు లెక్క! మూడొందల అడుగులకి దుమ్మే లేచింది, ఐదొందలకి కాస్త తడి తగిలింది... ఇలా సాగుతుంది ఆ మాట. సరిగ్గా అంత పొడవున్న ఓ ఇనుప గొట్టం విశాఖపట్నం ఎదుట సముద్రం అడుగున పడి ఉంది. నిలబెడితే మూడొందల అడుగుల బోరంత. అందులో బయల్దేరిన 93 మందిలో ఒక్కరు కూడా ప్రాణాలతో ఇంటికి చేరలేదు. ఆ గొట్టం పేరు ఘాజీ. 1971 డిసెంబరులో మునిగిపోయిన పాకిస్థాన్ జలాంతర్గామి. సముద్రానికి మూడొందల కిలోమీటర్ల దూరంలో ఉన్న కరవు సీమ నుంచి విశాఖ విహారానికి వెళ్లేవాళ్లు తప్పక తెలుసుకోవాల్సిన కథ అది.

పాస్ ఉంది... పదండి!

గుంతకల్లు అంటేనే రైలు. ముంబయి, చెన్నై, బెంగళూరు, హుబ్లీ, గుంటూరు... ఏ వైపు వెళ్లే బండి అయినా ఇక్కడ ఆగి మంచినీళ్లు తాగి వెళ్లాల్సిందే అన్నట్టుంటుంది ఈ జంక్షన్. వీధికో రైల్వే కుటుంబం. వేసవి సెలవులొచ్చాయంటే పాసు రాయించుకుని ఎటో అటు బయల్దేరడం అలవాటు. విశాఖపట్నం కేంద్రంగా దక్షిణ కోస్తా రైల్వే జోన్‌ని 2019లో ప్రకటించినప్పుడు గుంతకల్లు డివిజన్‌ని కూడా అందులోనే చేర్చారు. అలా ఈ ఊరికీ ఆ ఊరికీ చుట్టరికం మరింత పెరిగింది.

ఉదయాన్నే ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తిని, కసాపురం నెట్టికంటి ఆంజనేయుడికి ఓ దండం పెట్టుకుని రైలెక్కితే దారి నంద్యాల, గుంటూరు, విజయవాడ మీదుగా. సుమారు 800 కిలోమీటర్లు. కిటికీలోంచి చూస్తే మొదట నల్లరేగడి చేలు, వేరుశనగ పొలాలు, ఆ తర్వాత నల్లమల అడవి, అది దాటాక వరిచేలు. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన పడితే గొప్ప అనుకునే నేల వదిలి, కళ్లకి ఆనినంత మేరా నీళ్లే ఉన్న చోటుకి చేరతారన్నమాట. రామకృష్ణా బీచ్‌లో అడుగుపెట్టిన పిల్లలు అలల్లోకి పరుగెత్తుతారు. పెద్దవాళ్లు మాత్రం కాసేపు ఏమీ మాట్లాడరు. ‘ఇన్ని నీళ్లా!’ అన్నది ఆ మౌనానికి అర్థం.

బావిలో నేర్చిన ఈత

అనంతపురం జిల్లా వాళ్లకి నీళ్లలో మునగడం బొత్తిగా తెలియదనుకుంటే పొరపాటే. ఓ తరం కిందటి వరకూ ఇక్కడి పిల్లలు ఈత నేర్చుకుంది దిగుడు బావుల్లోనే. నడుముకి ఎండు సొరకాయ బుర్రో, బెండ్లో కట్టి, పైనుంచి ఓ తోపు తోసేవారు మామలు, బాబాయిలు. అంతే... రెండు గుటకలు నీళ్లు మింగేసరికి ఈత వచ్చేసేది. బిందె జారి బావిలో పడితే ముందు పాతాళగరిగె వేసి వెతికేవారు. కొక్కేలకి అది చిక్కకపోతే గుండె ధైర్యం ఉన్నవాడొకడు ఊపిరి బిగబట్టి అడుగుదాకా మునిగి, చేత్తో తడుముతూ వెతికి పట్టుకొచ్చేవాడు. పైకి తేలాక అతను చెప్పే మొదటి మాట ఒకటే: ‘కింద మంచులా ఉందబ్బా!’

బోర్లు వచ్చాయి, బావులు ఎండాయి. తుంగభద్ర ఎగువ కాలువ నీళ్లు పారే ఊళ్లు తప్పిస్తే ఈత నేర్చుకునే చోటే కరవైంది. కానీ ఆ బావి మనిషి చేసిన పనే సముద్రంలో డైవర్లు చేస్తారు. పోయినదాన్ని వెతకడం, తడిమి గుర్తుపట్టడం, వీలైతే పైకి తేవడం. ఘాజీ విషయంలో మాత్రం ఆ చివరి పని చేయకూడదనే నిర్ణయం తీసుకున్నారు. ఎందుకో తెలియాలంటే ముందు ఆ గొట్టంలో బతుకు ఎలా ఉంటుందో చూడాలి.

ఒడ్డునే ఓ పాఠం

బీచ్ రోడ్డులో ఇసుక మీద నిలబెట్టిన ఐఎన్‌ఎస్ కురుసుర అందుకు సరైన చోటు. సోవియట్ యూనియన్‌లో తయారై 1969 డిసెంబరు 18న మన నౌకాదళంలో చేరిన జలాంతర్గామి ఇది. 31 ఏళ్లు సేవలందించి 2001 ఫిబ్రవరిలో విశ్రాంతి తీసుకుంది. 2002లో దీన్ని ఒడ్డుకి లాగి మ్యూజియంగా మార్చారు. పొడవు 91 మీటర్లు. ఘాజీ పొడవు 95 మీటర్లు. అంటే రెండూ ఇంచుమించు ఒకే కొలత. కురుసురలో నడిచినవాళ్లకి ఘాజీ లోపల ఎలా ఉండేదో కొంత అర్థమైనట్టే.

లోపలికి వెళితే మొదట తెలిసేది ఇరుకు. గుండ్రటి ద్వారాల్లోంచి తల వంచి, కాలెత్తి దూరాలి. చుట్టూ చక్రాలు, మీటర్లు, పైపులు. టార్పెడోలు పెట్టే గొట్టాల పక్కనే నావికుల పడకలు. రైల్లో స్లీపర్ బెర్తు ఇరుకని విసుక్కునేవాళ్లు ఇక్కడి పడకలు చూస్తే మళ్లీ ఆ మాట అనరు. డెబ్భైమందికి పైగా మనుషులు వారాల తరబడి ఎండ ముఖం చూడకుండా ఇందులోనే తిని, ఇందులోనే నిద్రపోయేవారు. స్నానానికి నీళ్లు కూడా లెక్కే! చుట్టూ సముద్రం ఉన్నా వాడుకునే మంచినీళ్లకి రేషన్. ఈ ఒక్క సంగతి గుంతకల్లు ఇల్లాలికి ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు.

విక్రాంత్ కోసం వచ్చి...

ఇంతకీ ఘాజీ విశాఖకి ఎందుకొచ్చింది? అసలు అది పుట్టింది అమెరికాలో. యూఎస్‌ఎస్ డయాబ్లో పేరుతో 1944 డిసెంబరులో జలప్రవేశం చేసింది. 1964లో పాకిస్థాన్ చేతికొచ్చి ఘాజీ అయింది. 1971 నవంబరు 14న కరాచీ రేవు వదిలింది. శ్రీలంకని చుట్టి బంగాళాఖాతంలోకి... నాలుగువేల కిలోమీటర్ల పైచిలుకు ప్రయాణం. ప్రధాన లక్ష్యం: మన విమాన వాహక నౌక ఐఎన్‌ఎస్ విక్రాంత్.

విక్రాంత్ అప్పటికే అండమాన్ దీవుల వైపు వెళ్లిపోయింది. ఆ సంగతి శత్రువుకి తెలియకూడదు. తూర్పు నౌకాదళాధిపతి వైస్ అడ్మిరల్ ఎన్.కృష్ణన్ ఓ ఎత్తు వేశారు. ఐఎన్‌ఎస్ రాజ్‌పుత్ అనే పాత యుద్ధనౌకని విశాఖ దగ్గర ఉంచి, విక్రాంత్ లాగా నటింపజేశారు. పెద్ద ఓడకి సరిపడా సరుకులకి ఆర్డర్లు, లెక్కకు మించి వైర్‌లెస్ సందేశాలు. అంతేకాదు, విక్రాంత్‌లో పనిచేసే నావికుడొకరు జబ్బుతో ఉన్న తల్లి బాగోగులు అడుగుతున్నట్టుగా మామూలు భాషలో ఓ సందేశం కూడా పంపించారు. వింటున్నవాళ్లు నమ్మాలి కదా!

నమ్మారు. ఘాజీ విశాఖ గుమ్మంలోకి వచ్చింది. డిసెంబరు 3 అర్ధరాత్రి రేవు నుంచి బయల్దేరిన రాజ్‌పుత్, నీళ్లలో ఏదో కదలికని అనుమానించి డెప్త్ చార్జీలనే బాంబుల్ని వదిలింది. కాసేపటికి సముద్రంలో భారీ పేలుడు. తీరంలో కిటికీ అద్దాలు అదిరాయని అప్పటివాళ్లు చెబుతారు. తెల్లారాక నీళ్ల మీద చమురు తెట్టు, శిథిలాలు కనిపించాయి. మత్స్యకారులకి లైఫ్ జాకెట్ దొరికింది. నౌకాదళ డైవర్లు దిగారు. అంతకు కొద్దినెలల ముందే మన నౌకాదళంలో చేరిన ఐఎన్‌ఎస్ నిస్తార్ అనే సహాయక నౌక వాళ్లకి అండగా నిలిచింది. దిగినవాళ్లు అది ఘాజీయేనని తేల్చారు.

అది ఎలా పేలిందన్న వాదన మాత్రం ఇప్పటికీ తెగలేదు. రాజ్‌పుత్ దాడి వల్లే మునిగిందని మన నౌకాదళం చెబుతుంది. తాను పరిచిన మందుపాతరే తగిలిందనో, లోపలే ప్రమాదం జరిగిందనో పాకిస్థాన్ వాదన. 2017లో సంకల్ప్ రెడ్డి తీసిన ‘ఘాజీ’ సినిమా చూసినవాళ్లకి రెండు జలాంతర్గాముల పోరు గుర్తుండిపోతుంది. అది సినిమా కోసం అల్లిన కథ. నిజం కథలో ఉన్నది ఓ పాత యుద్ధనౌక, ఓ చీకటి రాత్రి, ఎవరూ చూడని పేలుడు.

నీళ్లలో ఊపిరి

‘మరి మనం దిగి చూడొచ్చా?’ విశాఖ వెళ్లిన ప్రతి కుర్రాడికీ వచ్చే సందేహమే ఇది. రుషికొండ తీరంలో స్కూబా డైవింగ్ చేయించేవాళ్లున్నారు మరి! ముందు ఆ విద్య సంగతి చూద్దాం.

వీపున ఒత్తిడితో గాలి నింపిన సిలిండర్, నోట్లో గాలి అందించే రెగ్యులేటర్, ఒంటికి అతుక్కునే రబ్బరు సూటు, నడుముకి సీసం దిమ్మలు, కాళ్లకి రెక్కల చెప్పులు. స్కూబాలో మొదటి సూత్రం మన బావి ఈతకి పూర్తిగా వ్యతిరేకం: ఊపిరి ఎప్పుడూ బిగబట్టకూడదు! పైకి వచ్చేటప్పుడు నీటి ఒత్తిడి తగ్గి ఊపిరితిత్తుల్లోని గాలి వ్యాకోచిస్తుంది. బిగబడితే ప్రాణం మీదకొస్తుంది. సైగల్లోనూ తేడా ఉంది. బొటనవేలు పైకెత్తి చూపిస్తే ‘భేష్’ అని కాదు, ‘పైకి పోదాం’ అని. బాగానే ఉన్నానని చెప్పాలంటే బొటనవేలు, చూపుడువేలు కలిపి సున్నా చుట్టాలి.

పది మీటర్లు దిగేసరికి ఒంటిమీద ఒత్తిడి రెట్టింపవుతుంది. నలభై మీటర్ల దగ్గర అయిదు రెట్లు. నీటి పైన గంట వచ్చే సిలిండరు అక్కడ పన్నెండు నిమిషాల్లో ఖాళీ. ముప్ఫై మీటర్లు దాటితే గాలిలోని నత్రజని మెదడు మీద మత్తులా పనిచేస్తుంది. అందుకే సరదాకి దిగేవాళ్లకి నలభై మీటర్లే గరిష్ఠ హద్దు, అదీ తగిన శిక్షణ పొందినవాళ్లకి. మొదటి శిక్షణ పూర్తిచేసినవాళ్లకి అనుమతించేది 18 మీటర్లే. అడుగుల్లో చెప్పాలంటే ఎంత నేర్చినవాడికైనా 130 అడుగులు. గుంతకల్లులో 130 అడుగులకే బోరు పడితే ఊరందరికీ స్వీట్లు పంచుతారు. సముద్రంలో అది మనిషికి గీసిన గీత!

ఇక చలి. విశాఖ సముద్రం పైన గోరువెచ్చగానే ఉంటుంది. కానీ నీరు మన ఒంట్లోని వేడిని గాలికన్నా సుమారు పాతిక రెట్లు వేగంగా లాగేస్తుంది. మార్చి, ఏప్రిల్ నెలల్లో అయితే మరో వింత. గాలులు తీరంలోని పైనీటిని లోపలి సముద్రంలోకి నెడితే, ఆ ఖాళీలోకి అడుగునున్న చల్లని నీరు ఉబికి వస్తుంది. 1950ల్లో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో పనిచేసిన అమెరికా శాస్త్రవేత్త యూజీన్ లాఫాండ్ బృందం దీన్ని పరిశీలించింది. ఒడ్డున ఎండ మాడుస్తుంటే నీళ్లలో వణుకు! మన బావి మనిషి చెప్పిన ‘మంచు’ ఇక్కడా ఉందన్నమాట.

చూడొచ్చు... చూడకూడదు

మునిగిన ఓడలన్నీ ఒకటి కావు. 2020 అక్టోబరులో వాయుగుండం ధాటికి ‘ఎంవీ మా’ అనే బంగ్లాదేశ్ ఓడ విశాఖ తెన్నేటి పార్కు దగ్గర ఒడ్డుకి కొట్టుకొచ్చింది. సిబ్బంది క్షేమంగా బయటపడ్డారు. జనం తిరనాళ్లకి వెళ్లినట్టు వెళ్లి చూశారు, ఫొటోలు దిగారు. అందులో తప్పేముంది? శ్రీకాకుళం జిల్లా బారువ తీరంలో 1917లో మంటల్లో చిక్కుకుని నాశనమైన ‘చిల్కా’ స్టీమరు శిథిలాలున్నాయి. స్కూబా డైవర్లు అక్కడ దిగి, వందేళ్ల కిందటి ఆ ఓడ ఆనవాళ్లు చూసి వచ్చారు.

మునిగిన ఓడల మధ్య ఈదడానికి ప్రపంచంలో పేరుపడ్డ చోట్లలో ఒకటి స్కాట్లండ్ ఉత్తరాన ఉన్న స్కాపా ఫ్లో. అక్కడ నీళ్లు మన ఫ్రిజ్ నీళ్లలా ఉంటాయి. ఒంటికి చుక్క తగలని డ్రై సూట్లు వేసుకుని దిగుతారు. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత 1919 జూన్ 21న జర్మన్ నావికులు తమ ఓడల్ని తామే ముంచేశారక్కడ. ఒక్కరోజులో 52 ఓడలు! చాలావాటిని తర్వాత పైకి తీసి ఇనుముగా అమ్మేయగా, మిగిలిన ఏడు పెద్ద ఓడల్ని చూడటానికి ఎక్కడెక్కడి నుంచో డైవర్లు వెళుతుంటారు. అదే అఖాతంలో మరో ఓడ కూడా ఉంది. పేరు రాయల్ ఓక్. 1939 అక్టోబరు 14న జర్మన్ జలాంతర్గామి దాడిలో మునిగింది. 800 మందికి పైగా చనిపోయారు. దాని దగ్గరికి మాత్రం ఏ పర్యటకుడినీ పోనివ్వరు. ఏడాదికోసారి బ్రిటిష్ నౌకాదళ డైవర్లే దిగి, జెండా మార్చి, మౌనంగా వచ్చేస్తారు. ఎందుకంటే అది ఓడ కాదు, శ్మశానం.

ఘాజీదీ అదే లెక్క. 1944 ఫిబ్రవరి 11న విశాఖ తీరానికి దూరంగా మునిగిన జపాన్ జలాంతర్గామి ఆర్వో-110ది కూడా. అందులోనూ ఒక్కరూ మిగల్లేదు. మనకీ అలాంటి సమాధి ఉంది. 1971 డిసెంబరు 9 రాత్రి గుజరాత్ తీరానికి ఆవల, డయ్యూ దగ్గర సముద్రంలో పాక్ జలాంతర్గామి దాడికి ఐఎన్‌ఎస్ కుక్రీ మునిగిపోయింది. కెప్టెన్ మహేంద్రనాథ్ ముల్లా సహా 194 మంది దానితోపాటే వెళ్లిపోయారు. డయ్యూలో వాళ్లకి స్మారకం కట్టారు. కుక్రీలోకి ఎవరో సరదాగా దిగి ఓ కప్పో, ఓ బొత్తామో జేబులో వేసుకొస్తే మనకెలా ఉంటుంది? ఘాజీ దగ్గరా ఆ ప్రశ్నే వేసుకోవాలి. శత్రువు అన్నమాట పైన అలల దాకానే. అడుగున ఉన్నవాళ్లకి అది వర్తించదు.

తాకకుండా వచ్చేశారు

2024 ఫిబ్రవరిలో మన నౌకాదళం ఘాజీని మరోసారి గుర్తించింది. ఈసారి వెళ్లింది మునిగిన జలాంతర్గాముల నుంచి మనుషుల్ని కాపాడే డీఎస్‌ఆర్‌వీ అనే చిన్న వాహనం. శిథిలాల ఆచూకీ పట్టారు. అక్కడితో ఆగిపోయారు. చనిపోయినవారి మీద గౌరవంతో దాన్ని తాకలేదని నౌకాదళ వర్గాలు చెప్పాయి.

మరో సంగతి. 1971లో డైవర్లకి అండగా నిలిచిన పాత నిస్తార్ ఎప్పుడో విశ్రాంతి తీసుకుంది. అదే పేరుతో కొత్త నౌకని విశాఖలోని హిందుస్థాన్ షిప్‌యార్డే కట్టింది. 2025 జులై 18న నౌకాదళంలో చేరింది. మూడొందల మీటర్ల లోతుదాకా డైవర్లని పంపగలదు, డీఎస్‌ఆర్‌వీని మోసుకెళ్లగలదు. రేపు ఏ జలాంతర్గామి అయినా అడుగున చిక్కుకుంటే అందులోవాళ్లని ప్రాణాలతో పైకి తేవడానికే ఇదంతా. ఘాజీలోని వారికి అలాంటి అవకాశం రాలేదు.

సాయంత్రం కురుసురలోంచి బయటికొచ్చి, పక్కనే 1971 యుద్ధానికి గుర్తుగా నిలిచిన ‘విక్టరీ ఎట్ సీ’ స్తూపం దగ్గర కూర్చుంటే ఎదురుగా అదే సముద్రం. పల్లీలవాళ్లు, బెలూన్లవాళ్లు, అలలతో ఆడే పిల్లలు. విక్రాంత్ కోసం పంపిన ఆ సందేశంలోని తల్లి జబ్బు ఉత్తుత్తిదే. ఘాజీలోని 93 మందికీ మాత్రం నిజంగానే తల్లులున్నారు. ఎండిన బోరుకి మూత వేయకపోతే ఏమవుతుందో తెలిసిన నేల నుంచి వచ్చినవాళ్లకి ఈ మాట ఇంకాస్త బాగా అర్థమవుతుంది. లోతు దగ్గర బిడ్డ కోసం కూర్చున్న తల్లిది ఏ దేశమని ఎవరూ అడగరు.

వెళ్లేవారికి...

* కురుసుర మ్యూజియానికి సోమవారం సెలవు. మిగతా రోజుల్లో వేళలు ముందుగా కనుక్కుని వెళ్లడం మేలు. ఎదురుగానే 2017లో ప్రారంభించిన టీయూ-142 విమాన మ్యూజియం కూడా ఉంది.

* స్కూబా సరదా ఉంటే శిక్షకుడి అర్హత పత్రం అడిగి చూడండి. ఉబ్బసం, గుండె జబ్బు, చెవి సమస్యలు ఉన్నవారు డాక్టరుని అడగకుండా దిగకూడదు. జలుబు ఉన్న రోజు వద్దే వద్దు.

* దిగిన రోజే అరకు ప్రయాణం పెట్టుకోకండి. అరకు లోయ దాదాపు 3000 అడుగుల ఎత్తులో ఉంది. ఒక్కసారి దిగితే కనీసం 12 గంటలు, పలుమార్లు దిగితే 18 గంటలు ఆగాకే కొండలెక్కడం, విమానం ఎక్కడం క్షేమం.

* నీళ్లలో ఏం కనిపించినా చూసి రావడమే. చేతికందినా తీసుకోకూడదు.